నూరు డిగ్రీలు

తెలుగునాట జ్వరమును ఫారన్‌హీట్ డిగ్రీలలోను, ఎండను సెల్సియస్ డిగ్రీలలోను చెప్పుకొనుట వాడుక. బిడ్డకు నూరు డిగ్రీలున్నవన్నచో ఒళ్లు కొంచెము వెచ్చబడినదని తల్లి గ్రహించును. ప్రయోగశాలలో నూరు డిగ్రీలన్నచో నీరు మరుగుచున్నదని విద్యార్థి గ్రహించును. ఏ మానమని ఎవరును అడుగరు, సందర్భమే తెలియజేయును. కాని సందర్భము తొలగిపోయి, పాత కాగితముపై అంకె మాత్రమే మిగిలినచో ఏమగును?

స్వీడను దేశములోని ఉప్సల విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రాచార్యుడైన ఆండర్స్ సెల్సియస్ 1742లో ఒక ఉష్ణమానమును ప్రతిపాదించెను. అందు నీరు మరుగు స్థానము 0; మంచు కరగు స్థానము 100. ఇది అచ్చుతప్పు కాదు. ఆ మానములో వేడి పెరిగినకొలది అంకె తగ్గును. నేటి విద్యార్థికి ఇది తలక్రిందులుగా తోచవచ్చును గాని, చలిదేశపు పరిశీలకునికి ఇందొక సౌకర్యము కలదు. శీతకాలములో నీరు గడ్డకట్టిన పిదప చలి ఎంత ముదిరినను అంకెలు 110, 120 అని పెరుగునే గాని, ఋణసంఖ్యలతో పనియుండదు. ఇట్టి పద్ధతి ఆయన ఒక్కనిదే కాదు. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు డెలీల్ 1732లో రష్యాలో నిర్మించిన ఉష్ణమాపకమునందును మరుగు స్థానమే సున్న. తరువాతివారు దానిని సవరించి మంచు కరగు స్థానమును 150గా నిర్ణయించిరి.

సెల్సియస్ 1744లో మరణించెను. కొద్దికాలమునకే ఆయన మానము తిరుగవేయబడి నేటి రూపము పొందెను. తిప్పినవాడు ఎవరన్న విషయమున భిన్నాభిప్రాయములు కలవు. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పేరు తరచు వినబడును. తిప్పినవాని పేరు కాక, తిప్పబడిన మానము చేసినవాని పేరే 1948లో అంతర్జాతీయముగా స్థిరపడుట ఒక చమత్కారము.

ఇక 18వ శతాబ్దపు వాతావరణ దినచర్యలో ఒకనాటి యెదుట '100' అని మాత్రమే కలదనుకొందము. సెల్సియస్ తొలి మానమైనచో ఆనాడు మంచు కరగు చలి. సవరించిన డెలీల్ మానమైనచో నేటి లెక్కకు 33 డిగ్రీలు, అనగా మంచి ఎండ. ఫారన్‌హీట్ మానమైనచో దాదాపు 38. వడగాలి వీచు దినము. నీరు 80 వద్ద మరుగు రేమ్యూర్ మానమైనచో 125. అట్టి దినము భూమిపై ఉండదు గనుక ఆ ఊహను విడువవచ్చును. పూర్వకాలపు శీతోష్ణస్థితిని నిర్ణయింపబూనినవారు అంకెకంటె ముందు పరికరమును గుర్తింపవలసియుండును.

జ్వరమానిపై గుర్తుపెట్టిన 98.6 సంగతియు చూడదగినదే. ఫారన్‌హీట్ 1724లో ఆరోగ్యవంతుని శరీరపు వేడిని 96గా గ్రహించెను. తరువాత 32, 212 అను రెండు స్థానములపై ఆ మానమును స్థిరపరచుటతో శరీరపు అంకె జరిగిపోయెను. జర్మను వైద్యుడు వుండర్లిష్ 1868లో ప్రకటించిన గ్రంథములో సుమారు 25,000 మంది రోగుల పరిశీలనలను ఆధారము చేసికొని, ఆరోగ్యవంతుని ఉష్ణోగ్రత సెల్సియస్ మానములో 37 అని చెప్పెను. 37ను 9చే గుణించి, 5చే భాగించి, 32 కలిపినచో 98.6 వచ్చును. 37 అన్నప్పుడు అది ఉజ్జాయింపు అంకెయని ఎవరికైనను తోచును. 98.6 అన్నప్పుడో, డిగ్రీలో పదవవంతు వరకు కొలిచి తేల్చినట్లుండును. ఆ దశాంశము కొలతలో పుట్టినది కాదు, గుణకారములో పుట్టినది.

దీని ఫలితము ఇండ్లలో కనబడుచునే యున్నది. సాయంకాలము 99 చూచి జ్వరమని కలతపడు తల్లిదండ్రులు ఎందరో. శరీరపు వేడి ఉదయము తక్కువగాను, సాయంకాలము ఎక్కువగాను ఉండుట సహజము. 1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతుల నోటి ఉష్ణోగ్రతలు కొలువగా సగటు 98.2 వచ్చెను, సహజపు పైహద్దు 99.9 అని తేలెను. ఆ 700 కొలతలలో సరిగా 98.6 వచ్చినవి 56 మాత్రమే.