ఖాళీ తెర మీద మన ఓనమాలు: స్క్రీన్‌సేవర్ కథ

పోస్టు కొంచెం పొడుగు, ఓపిక చేసుకుని చదవండి.

మన హాలు కంప్యూటర్‌ను పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దానంతట అదే మన వీడియో ఆడుతున్నది కదా, అది ఏ కంపెనీ యాప్, ఎంత కట్టారు అని నలుగురైదుగురు అడిగినారు. పైసా కట్టలేదు. కట్టనక్కర లేకుండా పోవడం వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. అది చెప్తే ఖర్చు లెక్క కూడా అందులోనే తేలిపోతుంది.

రైల్వేలో గుమస్తాగిరి చేసిన మాలాంటివాళ్లకు పాత గాజు తెరలు బాగా గుర్తుంటాయి. రిజర్వేషన్‌కు కంప్యూటర్ 1985లో ఢిల్లీలో మొదలయింది, తర్వాత మన పక్కకూ వచ్చింది. నల్ల తెర, పచ్చ అక్షరాలు. పొద్దుటి నుంచి రాత్రి దాకా అదే ఫారం, అవే గడులు. కొన్నేళ్లు గడిచేసరికి, కరెంటు తీసేసినా ఆ గడుల చారలు గాజు మీద దయ్యం మాదిరి కనబడేవి. గాజు లోపల పూసిన ఫాస్ఫర్ అనే పొడి మీద ఎలక్ట్రాన్లు ఎప్పుడూ ఒకే చోట పడితే ఆ చోటు అరిగి మసకబారుతుంది. స్క్రీన్‌సేవర్ పుట్టింది ఈ జబ్బుకు మందుగానే. పేరే చెప్తున్నది, తెరను కాపాడేది.

1979లో వచ్చిన అటారీ 400, 800 కంప్యూటర్లు కాసేపు ఎవరూ తాకకపోతే రంగులు మార్చుకునేవి. 1983 డిసెంబరులో జాన్ సోచా అనే ఆయన ఐబీఎం పీసీకి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి సాఫ్ట్‌టాక్ అనే పత్రికలో అచ్చు వేయించినాడు. మూడు నిమిషాలు కీబోర్డు ముట్టకపోతే తెర నల్లబడుతుంది, అంతే దాని పని. బొమ్మలు తర్వాత వచ్చినాయి. బర్క్‌లీ సిస్టమ్స్ వాళ్లు 1989లో తెచ్చిన ఆఫ్టర్ డార్క్‌లో రెక్కలు కట్టుకుని ఎగిరే రొట్టె కాల్చే పెట్టెలు చూసి జనం డబ్బులిచ్చి కొన్నారు. మందు కాస్తా వేడుక అయిపోయింది.

మనకు కావలసిన మలుపు 1992లో. లినక్స్ పుట్టి అప్పటికి ఏడాదే. తర్వాతి కాలంలో నెట్‌స్కేప్ బ్రౌజర్ కట్టినవాళ్లలో ఒకడైన జేమీ జవిన్‌స్కీ, ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అనే ప్రోగ్రామ్ వదిలినాడు. ముప్పై ఏళ్లు దాటినా దాన్ని ఆయనే చూసుకుంటున్నాడు. మాకు ముచ్చటయింది ఆయన పని పంచిన తీరు. కాపలా కాయడం, తెరకు తాళం వేయడం ఒక ప్రోగ్రామ్ పని. బొమ్మ గీయడం వేరే ప్రోగ్రామ్ పని. కాపలా ప్రోగ్రామ్ తెరంతా కప్పే ఖాళీ కిటికీ ఒకటి తెరిచి, దాని నంబరు మాత్రం చెప్తుంది. స్టేషన్లో ప్లాట్‌ఫారం నంబరు ఇచ్చినట్టే. అక్కడికి ఏ బండి వచ్చి నిలబడినా దానికి పట్టింపు లేదు. బొమ్మలు గీసే ప్రోగ్రాములు దాంట్లోనే రెండు వందలకు పైగా ఉన్నాయి. మన వీడియో ఆడించే ప్లేయర్ వచ్చి నిలబడినా సరే అంటుంది.

1993లో మానిటర్‌ను కంప్యూటరే నిద్రపుచ్చే పద్ధతి వచ్చింది, ఆ వెనక గాజు తెరలు పోయి పలక తెరలు వచ్చినాయి. మందుకు జబ్బు లేకుండా పోయింది. లినక్స్‌లో పేరున్న గ్నోమ్ డెస్క్‌టాప్, 2011లో మూడో వెర్షన్‌కు వచ్చేసరికి బొమ్మలన్నీ తీసేసి నల్ల తెర, తాళం మాత్రమే మిగిల్చింది. కరెంటు మిగులుతుంది, నిజమే. అయితే ఖాళీ తెర మీద ఏముండాలో యజమాని చెప్పుకునే తలుపు కూడా దానితోపాటే మూసేశారని మా అభిప్రాయం. కొత్తగా కట్టిన తాళాలన్నీ గట్టివా అంటే అదీ లేదు. 2021 జనవరిలో లినక్స్ మింట్ వాడే ఒక తండ్రి ఫిర్యాదు రాసినాడు: పిల్లలు కీబోర్డూ, తెర మీది కీబోర్డూ కలిపి ఇష్టమొచ్చినట్టు నొక్కితే తాళమే ఊడి వచ్చిందట! తర్వాత దాన్ని సరిచేశారు.

ఇక మన హాలు సంగతి. అది డెబియన్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. అందులో ముందే ఉన్న స్క్రీన్‌సేవర్‌ను ఆపేసినాము. ఒకే వరలో రెండు కత్తులు ఇమడవు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్, ఎంపీవీ అనే వీడియో ప్లేయర్ ఎక్కించినాము. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ సెట్టింగులు ఒకసారి తెరిస్తే హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే దాపు ఫైలు ఒకటి పుడుతుంది. దాంట్లో బొమ్మల ప్రోగ్రాముల పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో ఒక్క వరస చేర్చినాము: ఎంపీవీ, శబ్దం వద్దు, అయిపోతే మళ్లీ మొదటి నుంచి, ఆడవలసింది ఫలానా నంబరు కిటికీలో, వీడియో ఫలానా చోట ఉంది. ఇంకొక మాట కూడా చేర్చవలసి వచ్చింది. వీడియో ఆడుతున్నంత సేపు స్క్రీన్‌సేవర్‌ను రావద్దని ఆపడం ఎంపీవీ అలవాటు. స్క్రీన్‌సేవర్ లోపలే ఆడేటప్పుడు ఆ అలవాటు మానమని చెప్పాలి, లేకుంటే తన బండికి తానే ఎర్ర జెండా చూపినట్టు అవుతుంది. మానిటర్ నిద్రపోయే గడువు కూడా పెంచినాము.

ఆ వీడియోలో ఏముందో చూసినవారికి తెలుసు. మన సంఘం పెద్దమ్మ ఒకరు పళ్లెంలో బియ్యం పరిచి వేలితో ఓనమాలు దిద్దుతారు. ముఖం కనబడదు, చెయ్యి మాత్రమే. దీన్నే ఎందుకు పెట్టినామంటే, 2006 తమిళ విద్యా చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతిగా తమిళం తప్పనిసరి అయి 2015-16కు పదో తరగతి దాకా వచ్చింది. మాకు తమిళం మీద కోపం లేదు, మేము చదివిందే తమిళ బడి, అన్నం పెట్టిందీ ఆ చదువే. మా తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో నేర్చినవి. ఇప్పుడు ఆ ఇంటి చదువు కూడా తగ్గిపోయింది. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, హాలు గోడ మీది మన సంఘం పేరు చదవలేరు. పెళ్లికో పూజకో వచ్చి ఊరకే కూర్చునే ఆ అరగంటలో, ఎవరూ బలవంతం చేయకుండా, అ ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో కంటికి ఆనుతుంది. పాఠం చెప్తామంటే పారిపోయే పిల్లలు దీని ముందు నిలబడి గాలిలో వేలు తిప్పడం మేము చూసినాము.

ఇంట్లో చేసుకోవాలనుకునే కుర్రవాళ్లకు రెండు మాటలు. కొత్త లినక్స్‌లు వేలాండ్ అనే పద్ధతికి మారుతున్నాయి. ఈ ఏర్పాటు పాత ఎక్స్ పద్ధతి మీద నడిచేది, లాగిన్ దగ్గర అది ఎంచుకోండి. మీది ఓలెడ్ తెర అయితే పాత గాజు తెర జబ్బు దానికీ ఉంది. కదలకుండా నిలిచే పేరూ ముద్రా మూలన పెట్టకండి.

ఇప్పుడు ఆడుతున్నది అచ్చుల వరకే. హల్లులు, గుణింతాలు తీయాలి. బియ్యం మీద చక్కగా దిద్దగల పెద్దలు ఇంట్లో ఉంటే సెల్‌ఫోను అడ్డంగా పట్టుకుని పైనుంచి తీయండి. ఒక్కో అక్షరానికి అర నిమిషం చాలు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆదివారం హాలులో ఇవ్వండి, ఎక్కించే పని మాది.