గాలివానకు ముందే వైద్యం

ఉగాదినాటి సాయంత్రం పంచాంగశ్రవణానికి కూర్చుండుట బరంపురంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో నేటికీ తప్పని ఆచారం. ఆదాయవ్యయాల దగ్గర చెవులు రిక్కించేవారు కొందరైతే, ఈ యేడు గాలివానలెన్ని అని సిద్ధాంతిగారిని అడిగేవారు మరికొందరు. గంజాం సీమలో ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. 1936 ఏప్రిల్ 1 వరకు మనం మద్రాసు రాజధానిలోని వారము. తరువాత ఒరిస్సాలోని వారమైనాము. ప్రభుత్వం మారినది గాని సముద్రం మాత్రం అదే.

పూర్వం గాలివాన ముందు వచ్చేది, వైద్యం వెనుక వచ్చేది. 1864 నవంబరులో బందరును ఉప్పెన ముంచినప్పుడు సుమారు 30,000 మంది పోయినారు. 1977 నవంబరు 19న దివిసీమ సంగతి మన పెద్దలలో అనేకులు ఎరిగినదే. బంధువులను పోగొట్టుకొన్నవారు మనలోనూ ఉన్నారు. రెండుమార్లూ మందులు, మనుషులు వచ్చినది శవాలు తేలిన తరువాతనే.

1999 అక్టోబరులో ఒరిస్సాకు ఒకే నెలలో రెండు దెబ్బలు తగిలినవి. మొదటిది నెల నడుమ మన గోపాలపురం తీరాననే. రెండవది 29వ తేదీన పారాదీపు దగ్గర దాటిన మహాతుఫాను. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేలకు దరిదాపుగా జనం పోయినారు. తుఫాను వచ్చునని తెలియకపోలేదు. తెలిసి ఏమి చేయవలెనో ఏర్పాటు లేదు. చెట్లు కూలి దారులు మూసికొనిపోగా, బావులు ఉప్పునీటితో నిండగా, పశువుల కళేబరాల నడుమ మంచినీరు దొరకక జనం అతిసారంతో బాధపడినారు. గాలికి తప్పించుకొన్నవారిని నీరు పట్టుకొన్నదన్నమాట.

ఆ యేడే విపత్తుల కొరకు ప్రత్యేకంగా ఒక రాష్ట్రసంస్థ ఏర్పడినది. ఆనాడు ఇరవై చిల్లరగా ఉన్న తుఫాను ఆశ్రయాలు నేడు ఎనిమిది వందలు దాటినవి. కట్టడాలు కంటికి కనబడును గనుక అందరూ వానినే మెచ్చుకొందురు. మాకు మాత్రం అసలైన మార్పు కాగితం మీద కనబడుచున్నది. ఏ పల్లెలో ఏ ఇంట నెలలు నిండిన గర్భిణి ఉన్నది, ఎవరు మంచం దిగలేనివారు అన్నది ఆశా కార్యకర్త పట్టీలో ముందే ఉండవలెను. ఓఆర్‌ఎస్ పొట్లాలు, క్లోరిన్ మాత్రలు, బ్లీచింగు పొడి, పాముకాటు మందు వానకు ముందే దవాఖానాకు చేరవలెను. జనరేటరుకు డీజిలు కూడ. నీరు పొంగితే పాములు మెరకకు వచ్చును గదా!

ఇది మనకు అక్కరకు వచ్చినది 2013 అక్టోబరు 12 రాత్రి. ఫైలిన్ తుఫాను గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో గోపాలపురం దగ్గర తీరం దాటినది. దసరా రోజులు. ఉద్యోగుల సెలవులు రద్దయినవి. రాష్ట్రంలో పదిలక్షలకు దగ్గరగా జనాన్ని తీరం నుండి ముందే తరలించినారు. మాలో పలువురము ఆ రాత్రి తలుపులకు బల్లలు ఆనించి, దీపం లేక, చెట్లు విరిగే చప్పుడు వింటూ తెల్లవార్లు కూర్చున్నవారమే. తెల్లవారి చూస్తే ఊరు గుర్తుపట్టరాకుండా ఉన్నది. అయినా రాష్ట్రమంతటా మరణాలు యాభైకి లోపే. పదునాలుగేండ్ల క్రిందటి సంఖ్య పక్కన దీనిని వ్రాసి చూడుడు.

2024 అక్టోబరులో దానా తుఫాను ధామరా వైపు వచ్చినప్పుడు 4,431 మంది గర్భిణులను ముందే ప్రసవ కేంద్రాలకు చేర్చినారు. వారిలో 1,600 మంది అక్కడనే ప్రసవించినారు. పట్టీ లేకపోతే ఆ తల్లులను వెదకునదెవరు?

అయితే దవాఖానాకే గాలి తగిలితే? 2019 మే 3న ఫణి తుఫానుకు భువనేశ్వరంలోని ఎయిమ్స్ వసతిగృహపు పైకప్పు ఎగిరిపోవుట దేశమంతా చూసినది. రోగులు క్షేమంగా బయటపడినారు. పూరీలో విద్యుత్తు తిరిగి రావడానికి వారాలు పట్టినది. రోగులనే కాదు, కరెంటును, నీటి ట్యాంకులను కూడ కాపాడుకొనవలెనని ఆ వేసవి నేర్పినది.

వేసవి అంటే మరొక మాట. 1998లో ఈ రాష్ట్రంలో వడదెబ్బకు 2,042 మంది చనిపోయినారు. చెట్టు కూలదు, అల లేవదు. అందుచేత దానిని విపత్తు అనుటకే మనవారికి నోరు రాదు. నాటినుండి బడులు ఉదయానికి మారినవి, మిట్టమధ్యాహ్నం కూలిపని ఆపించుచున్నారు, చలివేంద్రాలు పెట్టించుచున్నారు, ఆసుపత్రులలో వడదెబ్బ రోగులకు మంచాలు వేరుగా ఉంచుచున్నారు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణాలలో ఎండకు వేయిమందికి మించి పోయినప్పుడు, మన పుట్టిళ్ళకు ఫోను చేసి, మధ్యాహ్నం బయటకు పోవద్దని పెద్దలను బతిమాలినది మనమే. భూమి వేడెక్కుచున్నకొలది ఈ ఎండలు ఇంకను ముదురునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ప్రభుత్వపు పట్టీలో అందరూ ఉండరు. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన వృద్ధదంపతులు మన వీధులలోనే ఎందరో. అందుచేత ఈ యేడు సంఘ సభ్యుల పుస్తకంలో క్రొత్తగా రెండు గళ్ళు గీయించినాము: ఇంట ఒంటరిగా ఉన్న పెద్దలెవరు, రోజూ తప్పనిసరిగా వాడవలసిన మందేది. నింపి ఇచ్చిన ఇండ్లు ఇప్పటికి సగం కూడ లేవు. చందా బాకీల గడి మాత్రం ఎప్పటివలెనే నిండుగా ఉన్నది.