గుమ్మం దగ్గర ఆగిపోయిన గీత

అమీర్‌పేటలో మా వీధిలో మైకులో ఘంటసాల భగవద్గీత వినిపిస్తే ఎవరో పోయారని అర్థం. 1974లో కన్నుమూసిన ఘంటసాల చివరి రోజుల్లో పాడిందది. 1998లో అమ్మ పోయినప్పుడూ అదే పెట్టారు. ఆత్మకు చావు లేదు, ఏడవకూడదట. శవం పంజాగుట్ట శ్మశానానికి బయల్దేరితే ఆడవాళ్లం గుమ్మంలోనే ఆగాం. "నువ్వెక్కడికే తల్లీ, ఆడపిల్లవి?" అన్నాడు పెదనాన్న.

కృష్ణుడు ఆ మాటలు చెప్పింది చావింట్లో కాదు. యుద్ధం మొదలుకాకముందు, చంపడానికి వెనకాడుతున్న క్షత్రియుడికి, నీ ధర్మం ఇదీ అని. పోయినవాళ్ల కోసం ఏడ్చే ఆడవాళ్లకు భారతంలో వేరే పర్వమే ఉంది, పదకొండోది, స్త్రీపర్వం. అక్కడ వాళ్లని ఎవరూ గుమ్మంలో ఆపలేదు. ధృతరాష్ట్రుడే వెంటబెట్టుకు వెళ్లాడు. గాంధారి శవాల మధ్య ఒక్కొక్కరినీ చూపించి ఏడుస్తుంది. ఆత్మ నిత్యమని ఆవిడకు తెలియదా? ఆపగలిగీ ఆపలేదని ఆ కృష్ణుణ్ణే శపిస్తుంది. 13వ శతాబ్దంలో తిక్కన 700 శ్లోకాల గీతను కొద్ది పద్యాల్లో ముగించాడు, స్త్రీపర్వాన్ని మాత్రం పర్వంగానే నిలిపాడు. (మనవాళ్లు పెద్దగా చదవరనుకోండి.)

తమ్ముడు శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి క్యాసెట్ రెండోవైపు నడుస్తోంది. వంటింట్లో పిన్ని నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది.