దత్తాంశ పర్యాప్తత: శాతాల లెక్కలు

ఇచ్చిన వాక్యాల్లోని వివరాలతో కచ్చితమైన జవాబు తేలుతుందా, తేలదా అని పరీక్షించే ప్రశ్నల తరహా ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐసెట్‌లలోనూ, జీమ్యాట్‌లోనూ కనిపిస్తుంది.

శాతాల్లో మొదట చూడాల్సింది, అడిగింది శాతమా, రూపాయలా అన్నది. ఒక చీర ధరను 20 శాతం పెంచి, పెరిగిన ధరపై 20 శాతం తగ్గించారనుకుందాం. మొత్తం మార్పు ఎంత శాతం? ధర మార్పు చెప్పిన మొదటి వాక్యం ఒక్కటే చాలు: 1.2ను 0.8తో గుణిస్తే 0.96, అంటే 4 శాతం తగ్గుదల. ఎన్ని రూపాయలు తగ్గిందంటే మాత్రం చాలదు. అసలు ధర 500 రూపాయలని రెండో వాక్యం చెబితే, రెండూ కలిసి 20 రూపాయలని తేలుస్తాయి. రెండోది ఒక్కటే చాలదు. ముందు ఒక్కో వాక్యాన్నీ విడిగా తూచండి; మొదటి వాక్యంలోని వివరాన్ని తెలియకుండానే రెండోదానికి కలిపేసుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు.