వీరభద్రుడు: లేపాక్షి పైకప్పు చిత్రం

శ్రీసత్యసాయి జిల్లా లేపాక్షిలోని వీరభద్రాలయంలో, గర్భగుడి ముందున్న అర్ధమండపం పైకప్పు మీద వేసిన వర్ణచిత్రమిది. పొడవు సుమారు 24 అడుగులు, వెడల్పు 14 అడుగులు అని చెబుతారు. మన దేశపు కుడ్యచిత్రాల్లో ఒక్క దేవతామూర్తిని ఇంత భారీగా చూపినవి అరుదు. విజయనగర చక్రవర్తి అచ్యుత దేవరాయల కాలం (1529-1542) నాటి పని.

కథ తెలుగువారికి కొత్తది కాదు. దక్షుడు తలపెట్టిన యజ్ఞంలో అవమానం భరించలేక సతీదేవి ప్రాణం విడిచింది. శివుడు జటను పెరికి నేలకు కొడితే అందులోంచి వీరభద్రుడు పుట్టాడు. ప్రమథగణాలను వెంటబెట్టుకుని యజ్ఞవాటికను ధ్వంసం చేసి దక్షుడి తల నరికాడు. శివుడు శాంతించాక దక్షుడికి మేకతల అతికించి బతికించారు. ఆ యజ్ఞం జరిగిన చోటు ద్రాక్షారామమేనని గోదావరి జిల్లాల నమ్మకం. చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన అక్కడి భీమేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. అంటే కథ పుట్టిన నేల కోనసీమ వైపు, బొమ్మ రాష్ట్రానికి ఆ చివర.

దేవుడి సేనకు నాయకుడై కత్తి దూసిన వీరుణ్ణి క్రైస్తవ చిత్రకారులూ ఎంతో ఇష్టంగా గీశారు. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో ప్రధానదూత మిఖాయేలు ఘటసర్పంతో పోరాడతాడు. మధ్యయుగాల్లో ఆ ఘట్టానికి వచ్చిన అందమైన రూపాల్లో స్పెయిన్ చిత్రకారుడు బార్తొలొమే బెర్మెహో 1468లో వేసినది ముందువరుసలో ఉంటుంది. వాలెన్సియా దగ్గరి తోస్ గ్రామంలోని చర్చి కోసం వేశాడు. 1995 నుంచి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దూత తొడుక్కున్న బంగారు కవచం మీద పరలోక నగరపు గోపురాలు చిన్నగా, అద్దంలోలా మెరుస్తాయి. కాళ్ల కింద వికృతమైన సైతాను. పక్కన ప్రార్థన పుస్తకం పట్టుకుని మోకరిల్లినవాడు ఆ బొమ్మ వేయించిన తోస్ ప్రభువు ఆంతోని జువాన్. ఇక గోదావరి వైపు చూస్తే, నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నడిపిన బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లో ఇండియాకు వచ్చాయి. వారి సంప్రదాయంలో పటాలకు చోటు లేదు, వాక్యానిదే పెద్దపీట. అందుకే ఈ తీరానికి మిఖాయేలు బొమ్మగా రాలేదు, ‘ఘటసర్పం’ అనే చక్కటి తెలుగు మాటతో వచ్చాడు.

తోస్ ప్రభువులాగే లేపాక్షిలోనూ వేయించినవారు చిత్రాల్లోకెక్కారు. పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కూర్మశైలమనే తాబేలు ఆకారపు గుట్ట మీద ఈ గుడి కట్టించారు. గుడి పైకప్పు మీద ఈ అన్నదమ్ములు, వారి పరివారం పొడవాటి కుళ్లాయిలు, అంచు వస్త్రాలతో భక్తిగా కనిపిస్తారు. రాజధనం గుడికి ఖర్చుచేశాడన్న నింద పడితే విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడని స్థానిక కథ. కల్యాణమండపం అసంపూర్తిగా ఆగిపోయింది. దగ్గరి గోడ మీది ఎర్రటి మచ్చలను ఇప్పటికీ చూపిస్తారు.

పనితనం గురించి కాస్త చెప్పుకోవాలి. గరుకు రాతిపలకల మీద సున్నం, ఇసుక కలిపిన పూత వేశారు. దానిపై నున్నటి సున్నపు పూత. ఆ తర్వాతే రంగులు: కావి ఎరుపు, పసుపు మట్టి, మసి నలుపు, సున్నపు తెలుపు, కొంత ఆకుపచ్చ. నీలం దాదాపు కనబడదు. బొమ్మ చుట్టూ తిరిగే నల్లగీత తడబడదు. ముఖాలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి, కళ్లు పెద్దవి. చీరల మీది గళ్లు, చారలు, పువ్వులు ఒక్కోచోట ఒక్కోరకం. పైకప్పుకు మెడ ఎత్తి, చేతులెత్తి వేసిన చిత్రకారుల పేర్లు చరిత్రకెక్కలేదు.

పోరాటాన్నే చూడాలనుకునేవారు ముందున్న నాట్యమండపంలో తలెత్తాలి. అక్కడ కిరాతార్జునీయం ఉంది. తపస్సులో ఉన్న అర్జునుడి మీదికి మూకాసురుడు అడవిపందిగా దూసుకొస్తాడు. కిరాతుడి వేషంలో వచ్చిన శివుడూ, అర్జునుడూ ఒక్కసారే బాణం వేస్తారు. పంది ఎవరి వేట అన్న తగవు నుంచి పోరు, పోరు నుంచి పాశుపతం. ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, వటపత్రశాయి కూడా ఇదే వరుసలో ఉన్నాయి.

1565 తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు మారింది. ఆపై నాలుగు శతాబ్దాలకు పైగా ఈ రంగులు దీపాల మసికీ, వాన చెమ్మకూ ఓర్చుకుని నిలిచాయి.

ఇప్పుడు గుడి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అమంచర్ల గోపాలరావు ‘లేపాక్షి’ గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ 1969లో ప్రచురించింది. రాష్ట్ర ప్రభుత్వ హస్తకళల దుకాణాలకూ లేపాక్షి పేరే పెట్టారు. 2022లో ఈ ఆలయం, ఊళ్లోని ఏకశిలా నంది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అయినా చాలాచోట్ల రంగు పెచ్చులూడింది.

కోనసీమలో వీరభద్రుడు బొమ్మకంటే ఎక్కువగా చప్పుడులో, అడుగులో ఉన్నాడు. ద్రాక్షారామం వీరనాట్యానికి పేరుపడిన చోటు. వాద్యాలు అందుకోగానే ‘శరభ శరభ’ అన్న కేక లేస్తుంది, ‘ఖడ్గాలు’ అనే స్తుతులు చదువుతారు, ఒంటికి నారసాలు గుచ్చుకుని ఆడతారు. పెళ్లికి ముందు వీరభద్రుడి సంబరం చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దక్షయజ్ఞం ముగిసినా చల్లారని ఆయన కోపాన్ని భద్రకాళి కన్యరూపంలో వచ్చి చల్లార్చిందని మురమళ్ల స్థలపురాణం. వీరేశ్వరస్వామిగా వెలసిన ఆయనకూ భద్రకాళికీ అక్కడ ఇప్పటికీ రోజూ కల్యాణం చేస్తున్నారు.