మూడో రంధ్రాన్ని నమ్మొద్దు

అమెరికాలో ఇంటి వయసు తెలియాలంటే గోడకున్న ప్లగ్ పాయింట్లు చూడాలి. 1962కు ముందు కట్టిన ఇల్లయి, తర్వాత ఎవరూ చెయ్యి పెట్టకపోతే, చాలాచోట్ల రెండే రంధ్రాలుంటాయి. మన మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా ఉండే ఎర్త్ పిన్నుకు అక్కడ చోటే ఉండదు.

ఇక్కడి ఇళ్లకు కరెంటు మొదట వచ్చింది దీపాల కోసం. ఇస్త్రీపెట్టె వాడాలన్నా బల్బు తీసి, ఆ హోల్డర్లోనే వైరు బిగించేవారు. తేలిగ్గా పెట్టి తీసే ప్లగ్గుకు కనెటికట్‌కు చెందిన హార్వే హబ్బెల్ 1904లో పేటెంట్ పొందాడు. గోడల లోపల మాత్రం పింగాణీ గుబ్బల మీదుగా ఫేజు, న్యూట్రల్ రెండు తీగలే సాగేవి. బట్టలుతికే యంత్రాలొచ్చాక ఇనుప తొడుగూ నీళ్లూ ఒకచోట చేరాయి, ప్రమాదం పెరిగింది. 1897 నుంచీ ఉన్న జాతీయ విద్యుత్ కోడ్ 1947లో బట్టలుతికే చోట ఎర్త్ తప్పనిసరి చేసింది. 1962 నాటికి కొత్త వైరింగ్ అంతటికీ ఆ నియమం వర్తించింది.

కానీ పాత గోడలు పగలగొట్టమని ఎవరినీ అడగలేదు. కట్టినప్పటి నిబంధనకు సరిపోతే చాలన్నారు. అందుకే మాలాంటి వాళ్లం కొనే పాత ఇళ్లలో ఈ చిక్కు మిగిలింది. కొందరు రెండు రంధ్రాలది పీకి, మూడు రంధ్రాలది బిగిస్తారు. వెనక ఎర్త్ తీగే ఉండదు. మరికొందరు ఎర్త్ స్క్రూను న్యూట్రల్‌కు కలిపేస్తారు. టెస్టర్ పెడితే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ఫ్రిజ్ ఒంటికే కరెంటొస్తుంది.

దీనికి విరుగుడు బర్క్‌లీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియల్ 1961లో కనిపెట్టిన జీఎఫ్‌సీఐ. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే క్షణంలో సరఫరా ఆపేస్తుంది. పనిచేయడానికి ఎర్త్ అక్కర్లేదు. మన మెయిన్ బోర్డుల్లో ఉండే ఆర్‌సీసీబీదీ ఇదే సూత్రం. అది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది. ఎర్త్ లేని చోట జీఎఫ్‌సీఐ గానీ, దాని రక్షణలో మూడు రంధ్రాల సాకెట్ గానీ పెట్టుకోవచ్చని కోడ్ ఒప్పుకుంటుంది, ‘ఎర్త్ లేదు’ అని దాని మీద చీటీ అంటిస్తేనే. ఎందుకంటే జీఎఫ్‌సీఐ మనిషిని కాపాడుతుంది గానీ కంప్యూటర్ సర్జ్ ప్రొటెక్టర్‌కు కావలసిన ఎర్త్‌ను తెచ్చిపెట్టదు. అది కావాలంటే కొత్త తీగ లాగాల్సిందే.

ఈ దేశపు నియమాల్లో నాకు నచ్చింది ఆ చీటీయే. డబ్బు లేనివాణ్ణి గోడ పగలగొట్టమనదు, లోపం దాచడానికీ ఒప్పుకోదు. మన దగ్గర రంధ్రాలు మూడూ ఉంటాయి. పెరట్లో బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఎండిపోయి ఎన్నేళ్లయిందో ఎవరూ చూడరు. గీజర్ బిగించే రోజున ఎలక్ట్రీషియన్‌తో ముందు ఆ ఎర్త్ కొలిపించండి.