ఫోలియో - ఒక ఆకు కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, ముప్పైమూడేళ్ళు లెక్కల గుమస్తాగా పనిచేసిన నాకు ముందుగా తట్టిన మాట ‘ఫోలియో’. చిట్టాలోంచి ఆవర్జాకు పద్దు ఎక్కించి, ఎల్.ఎఫ్. అనే గడిలో అంకె వేస్తేనే మాకు ఆ పద్దు పూర్తయినట్టు. ఆ ‘ఎఫ్’ ఫోలియో అని తెలుసును గాని, ఫోలియో అంటే ఏమిటో సర్వీసులో ఉన్నన్నాళ్ళూ విచారించలేదు. రిటైరయ్యాక తీరిగ్గా నిఘంటువు తిరగేశాను.

లాటిన్‌లో ‘ఫోలియమ్’ అంటే చెట్టు ఆకు. ‘ఫోలియో’ అంటే ‘ఆకు మీద’. ఫలానా ఆకు మీద చూడుడు అని గుర్తుకు రాసే మాటే పుస్తకంలో ఆకుకు, ఆకు అంకెకు పేరైంది. కాగితాన్ని ఒక్కసారి మడిచి కుట్టిన పెద్ద పుస్తకాన్నీ ఫోలియో అన్నారు. 1623లో షేక్‌స్పియర్ నాటకాలు 36 అచ్చయిన సంపుటికి ఆ పేరే నిలిచింది. ఆకులు మోసే సంచి ‘పోర్ట్‌ఫోలియో’. మంత్రులకు దక్కేది అదే!

మన భాషదీ ఇదే దారి. సంస్కృతంలో పత్రమంటే ఆకు. తాటాకు మీద రాసిన రోజుల నుంచి దస్తావేజు పత్రమైంది, వార్తల కాగితం పత్రికైంది. తాళపత్ర గ్రంథాల్లోనూ అంకె ఆకుకే గాని పుటకు కాదు.

నిఘంటువులో ఫోలియోకు దగ్గరలోనే ‘ఫోలిక్’ అనే మాట కనిపించింది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. మా పెద్దక్కయ్య 1962లో తొలి పురుడుకు పుట్టింటికి వచ్చింది. మనిషి పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. ఒంట్లో నెత్తురు లేదన్నారు. తల్లీ బిడ్డా దక్కలేదు.

గర్భిణుల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో పరిశోధన చేసి, ఈస్టు సారంతో గుణం కనిపిస్తోందని 1931లో ప్రకటించింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, ఆకులో దొరికింది కనుక ఫోలిక్ ఆమ్లం అన్నారు. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నగారు స్ప్రూ వ్యాధితో పోయారు. ఆ జబ్బుకూ ఈ మందు పనికొచ్చింది.

మన దేశంలో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. మా అక్కయ్యకు ఎనిమిదేళ్ళు ఆలస్యం. ఆ మాత్ర ఒక్కటే ఆమెను బతికించేదని నేననను. కాని ఆ తరువాత మా ఇంట్లో ఏ కోడలు నెల తప్పినా, మాత్ర వేసుకుందా లేదా అని రోజూ అడిగేది నేనే.

మీ ఇళ్ళలోనూ అడగండి. తోటకూర, బచ్చలి ఉడికించిన నీళ్ళు పారబోయనివ్వకండి. ఆ సారం నీళ్ళలోకి దిగిపోతుంది. మన వయసువాళ్ళు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆ మాత్రలు మింగవద్దు. బి12 లోపముంటే పైకి తెలియకుండా పోతుంది.

ఏటేటా మనం బతికున్నామని ఇచ్చే జీవన ప్రమాణ పత్రమూ ఒక ఆకే. ఈసారి సంతకం పెట్టేటప్పుడు నాకు మా అక్కయ్య గుర్తుకొస్తుంది.